కాంక్రీట్ పనికీ మెషిన్ల మెయింటెనెన్స్‌కీ కార్డ్‌లెస్ టూల్స్ ఎలా ఎంచుకోవాలి?

కార్డ్‌లెస్ టూల్స్ కొనేటప్పుడు చాలామందిమి ఒకటే పొరపాటు చేస్తాం. డ్రిల్లూ ఇంపాక్ట్ డ్రైవరూ కలిపి వచ్చే కాంబో కిట్ కలిసొస్తుంది కదా అని ముందు అది తీసేసుకుంటాం, తర్వాత కాంక్రీట్ పని తగిలినప్పుడు ఆ బ్యాటరీకి పడే రోటరీ హ్యామర్ ఏముందా అని వెతుక్కుంటాం. నేనూ అలాగే కొన్నాను. ఒకసారి స్లాబ్ కింద పైపు సపోర్టులకి 12 ఎంఎం యాంకర్లు (కాంక్రీట్ హోల్‌లో బిగుసుకుని నిలబడే బోల్టులు) వెయ్యాల్సి వచ్చింది, కిట్‌లో వచ్చిన హ్యామర్ డ్రిల్‌తో మొదలెట్టాను, మొదటి హోల్ ఎలాగో అయింది, రెండో దానికి బిట్టు కొస నీలంగా మారిపోయింది, మూడో దానికి చేతులు పైకెత్తి నొక్కలేక నిచ్చెన దిగిపోయాను. పక్కన వేరే పని చేసుకుంటున్న ఒకాయన తన రోటరీ హ్యామర్ ఇచ్చి దీంతో చూడన్నా అన్నాడు, అర నిమిషం కూడా పట్టలేదు, పైగా నేను గట్టిగా నొక్కనేలేదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే, వరస తిరగెయ్యండి. మీ పనుల్లో అన్నిటికన్నా మొండి పని ఏదో చూసి దానికి సరిపోయే మెషిన్ ముందు పట్టుకోండి, దాని బ్యాటరీయే మీ బ్యాటరీ. గ్రైండరు, ఇంపాక్ట్ రెంచ్, గ్రీజు గన్ అన్నీ దాని వెనకాలే వస్తాయి.

స్టెప్ 1: ఏం పని చేస్తారో కాగితం మీద పెట్టండి

కాంక్రీట్ పని అని ఊరికే రాస్తే సరిపోదు. హోల్ ఎంత సైజు, ఎంత లోతు, రోజుకి ఎన్ని, పైకి చేస్తారా గోడకా నేలకా, చిప్పింగ్ కూడా ఉందా, ఇవన్నీ రాయండి. మెయింటెనెన్స్ వైపు అయితే మీ మిక్సరు, జనరేటరు, కాంపాక్టరు, లోడరు ఏవి ఉంటే వాటిల్లో అన్నిటికన్నా పెద్ద బోల్టు ఏ సైజు, గ్రీజు నిప్పుల్స్ (గ్రీజు ఎక్కించే మూతులు) ఎన్ని, ఎన్నాళ్లకోసారి పెడతారు, అది రాసుకోండి. నెలకి నాలుగు హోల్స్ వేసేవాళ్లకీ రోజుకి వంద వేసేవాళ్లకీ ఒకే మెషిన్ చెప్పకూడదు, నెలకి నాలుగే అయితే అవసరమైనప్పుడు అద్దెకి తెచ్చుకున్నా తప్పు లేదు.

స్టెప్ 2: హ్యామర్ డ్రిల్లా, రోటరీ హ్యామరా

కొంచెం నెమ్మదిగా చదవాల్సిన భాగం ఇదే, ఎందుకంటే రెండిటి పేర్లలోనూ హ్యామర్ ఉంది గానీ లోపల దెబ్బ పుట్టే పద్ధతి పూర్తిగా వేరు.

హ్యామర్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి గరగరా రాసుకుంటూ తిరుగుతాయి, పళ్లు ఎక్కి దిగినప్పుడల్లా చిన్న కుదుపు వస్తుంది, మీరు వెనక నుంచి ఎంత నొక్కితే అంత దెబ్బ, నొక్కడం మానేస్తే దెబ్బా ఉండదు. డబ్బా మీద నిమిషానికి 25,000, 30,000 దెబ్బలు అని పెద్ద అంకె వేసి ఉంటుంది, దానికి మోసపోకండి, అవి గోరుతో గీకినంత దెబ్బలు. ఇటుక గోడలో 6, 8 ఎంఎం హోల్‌కి సరిపోతాయి.

రోటరీ హ్యామర్‌లో పిస్టన్ ఉంటుంది. మోటార్ పిస్టన్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది, పిస్టన్‌కీ ముందున్న స్ట్రైకర్‌కీ మధ్య గాలి ఇరుక్కుని స్ప్రింగులా పనిచేస్తుంది, ఆ గాలి స్ట్రైకర్‌ని విసిరి కొడితే దెబ్బ నేరుగా బిట్టు వెనక పడుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే, కానీ ఒక్కోటీ బరువైన దెబ్బ. ఈ దెబ్బని జూల్స్‌లో కొలుస్తారు. మీరు చూడాల్సిన అంకె అది, ఆర్‌పీఎం కాదు. అందులోనూ ఈపీటీఏ (యూరప్ పవర్ టూల్ తయారీదారుల సంఘం) పద్ధతిలో కొలిచారని రాసి ఉంటే మంచిది, అలా ఉన్నప్పుడే రెండు కంపెనీల జూల్స్ పక్కపక్కన పెట్టి పోల్చడానికి అర్థం ఉంటుంది.

బిట్టు పట్టే పద్ధతిలో రెండు రకాలున్నాయి. ఎస్‌డీఎస్ ప్లస్ బిట్టు కాడ 10 ఎంఎం, ఎస్‌డీఎస్ మ్యాక్స్ కాడ 18 ఎంఎం. ఒకదాంట్లో ఒకటి పట్టవు. మీ హోల్స్ చాలావరకు 6 నుంచి 16 ఎంఎం మధ్య అయితే ఎస్‌డీఎస్ ప్లస్‌లో రెండు నుంచి మూడు జూల్స్ మెషిన్ హాయిగా చేస్తుంది, డబ్బా మీద 26 అనో 28 అనో రాసి ఉన్నా అది చేయగల చివరి సైజు, రోజంతా ఆ సైజే చేస్తానంటే ఒప్పుకోదు. 20 దాటిన హోల్స్ రోజూ ఉన్నా, కాంక్రీట్ పగలగొట్టే పని గంటల తరబడి ఉన్నా ఎస్‌డీఎస్ మ్యాక్స్‌కి వెళ్లండి, కానీ బరువు బాగా పెరుగుతుంది, పైకెత్తి స్లాబ్‌కి చేసే పనికి అది నరకం.

ఇంకో రెండు చూసుకోండి. డ్రిల్లింగ్ ఆపి ఒట్టి దెబ్బ మాత్రమే కొట్టే చిప్పింగ్ మోడ్ ఉందా అనేది ఒకటి. రెండోది, బిట్టు ఇరుక్కున్నప్పుడు మెషిన్ తనే ఆగిపోయే ఏర్పాటు ఉందా అని. మామూలు క్లచ్ దాదాపు అన్నిటికీ ఉంటుంది, కొన్నిటికి మెషిన్ ఒంటి గింగిరాన్ని పసిగట్టి మోటార్ ఆపేసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ కూడా ఉంటుంది. లోపల రాడ్డుకి బిట్టు కొరుక్కుపోయిందంటే మెషిన్ మొత్తం తిరిగి మణికట్టు మెలి పెట్టేస్తుంది, నిచ్చెన మీద ఉంటే ఇంకా ప్రమాదం, కాబట్టి ఇది లగ్జరీ అనుకోకండి. రాడ్లు దట్టంగా ఉండే బీములు, కాలమ్స్ దగ్గర రెండు అంచుల బిట్టు బదులు నాలుగు అంచుల కార్బైడ్ తల ఉన్న బిట్టు వాడండి, రాడ్డు తగిలినా అంత తేలిగ్గా ఇరుక్కోదు. అయినా స్ట్రక్చర్ రాడ్డు తగిలితే కోసుకుంటూ పోకుండా హోల్ జరపడమే పద్ధతి, జరపడం కుదరకపోతే ఇంజినీర్‌ని అడగండి.

స్టెప్ 3: బ్యాటరీ లెక్క అర్థం చేసుకోండి

18 వోల్టుల బ్యాటరీలో 3.6 వోల్టుల సెల్స్ ఐదు వరసగా ఉంటాయి. 20 వోల్ట్ మ్యాక్స్ అని రాసేదీ అవే ఐదు సెల్సు, ఫుల్ ఛార్జ్ మీద ఉన్నప్పటి వోల్టేజీ రాస్తారు అంతే, రెండు వోల్టులు ఎక్కువ వచ్చాయని సంబరపడక్కర్లేదు. 36 అంటే పది సెల్సు, 54 అంటే పదిహేను.

వోల్టుల్ని ఆంపియర్ అవర్‌తో గుణిస్తే వాట్ అవర్ వస్తుంది, ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో చెప్పేది అదే. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అంటే 90 వాట్ అవర్స్. వేరే వేరే వోల్టేజీల్ని పోల్చాలంటే ఈ లెక్కే నమ్మండి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. 2 ఆంపియర్ అవర్ చిన్న ప్యాక్‌లో సెల్స్ ఐదే, మెషిన్ లాగే కరెంటంతా ఆ ఒక్క వరస మీదే పడుతుంది, 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో మామూలుగా పది సెల్స్ రెండు వరసలుగా ఉంటాయి, భారం సగం సగం పంచుకుంటాయి. అందుకే అదే గ్రైండరు చిన్న బ్యాటరీ పెడితే నీరసంగా తిరుగుతుంది, పెద్దది పెడితే దూసుకుపోతుంది, చిన్నది వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది కూడా. రోటరీ హ్యామరు, గ్రైండరు, రెంచ్ వీటికి పెద్దవి, లైటుకీ గ్రీజు గన్‌కీ చిన్నవి పెట్టుకోండి. కొత్త రకం 21700 సెల్స్ ఉన్న ప్యాక్ దొరికితే ఇంకా మంచిది, పాత 18650 సెల్స్ కన్నా ఒంట్లో పెద్దవి, ఎక్కువ కరెంట్ ఇవ్వగలవు.

ఎన్ని బ్యాటరీలు కావాలంటే, ఒకటి మెషిన్‌లో, ఒకటి ఛార్జర్‌లో, ఒకటి చల్లారుతూ, అంటే కనీసం మూడు. ఆ మూడోది ఎందుకంటే వాడి తీసిన వేడి బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌లో పెడితే దాని ఆయుష్షు తగ్గుతుంది, మంచి ఛార్జర్ అయితే చల్లారేదాకా ఛార్జింగే మొదలెట్టదు. సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో కూడా ఛార్జ్ చెయ్యకూడదు. డూప్లికేట్ బ్యాటరీల జోలికి అసలు పోవద్దు, లోపల సెల్స్‌ని కాపాడే సర్క్యూట్ సరిగ్గా లేక నిప్పంటుకునే ప్రమాదం ఉంటుంది.

మోటార్ మాత్రం బ్రష్‌లెస్సే తీసుకోండి. కార్బన్లు ఉండవు కాబట్టి అవి అరిగేదీ మార్చేదీ లేదు, వేడీ తక్కువ, అదే బ్యాటరీతో ఎక్కువ పని. సిమెంటు దుమ్ములో బతకాల్సిన మెషిన్‌కి ఇది చాలా తేడా తెస్తుంది.

స్టెప్ 4: గ్రైండర్

రెండు వైపులా పనికొచ్చే టూల్ ఇదొక్కటే, కాంక్రీట్ అంచు చెక్కడానికి డైమండ్ కప్ వీల్, తుప్పు పట్టి తెగని బోల్టుకి కటింగ్ వీల్. 125 ఎంఎం సైజు చాలు. వేలు వదలగానే ఆగే ప్యాడిల్ స్విచ్, వెంటనే డిస్క్ ఆపే బ్రేక్, డిస్క్ ఇరుక్కుంటే మోటార్ కట్ అయ్యే సదుపాయం, ఈ మూడూ లేనిది కొనకండి. డిస్క్ మీద రాసిన గరిష్ట ఆర్‌పీఎం మెషిన్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువే ఉండాలి. కటింగ్ వీల్ మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద తేదీ ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? రెజిన్‌తో చేసిన వీల్స్‌కి తయారైన దగ్గర్నుంచి మూడేళ్లే, ఆ గడువు దాటినదీ తడిసినదీ పారెయ్యండి, ఆ స్పీడులో ముక్కలైతే ముఖానికే వస్తాయి. గార్డ్ తీసేసి వాడేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది.

స్టెప్ 5: ఇంపాక్ట్ రెంచ్

డబ్బా మీద రెండు టార్క్‌లు రాస్తారు, బిగించేది ఒకటి, ఊడదీసేది ఒకటి, ఊడదీసే అంకె పెద్దది కాబట్టి దాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. మీ బోల్టు బట్టి లెక్కేసుకోండి, 8.8 గ్రేడ్ (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఎం16 బోల్టు, అంటే 16 ఎంఎం మందం ఉన్నదాని బిగింపు సుమారు 200 న్యూటన్ మీటర్లు, ఎం20 అయితే సుమారు 400. తుప్పు పట్టి కూర్చున్న బోల్టు ఊడాలంటే బిగించినదానికన్నా చాలా ఎక్కువ కావాలి. హాఫ్ ఇంచ్ డ్రైవ్‌ది చాలామందికి సరిపోతుంది.

సాకెట్లు నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడండి, మెరిసే క్రోమ్ సాకెట్లు ఆ దెబ్బలకి పగిలి ఎగురుతాయి. ఊడదియ్యడానికి రెంచ్ ఎంత వాడినా ఫర్వాలేదు, బిగించేటప్పుడు మాత్రం ముఖ్యమైన బోల్టుల్ని రెంచ్‌తో ఆనించి వదిలేసి చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేత్తో వెయ్యండి, యాంకర్ బోల్టులకీ అదే మాట.

స్టెప్ 6: గ్రీజు గన్, మిగతావి

కార్డ్‌లెస్ గ్రీజు గన్ వాడినవాళ్లు మళ్లీ చేతి గన్ పట్టరు. ఒక చేత్తో నిప్పుల్ మీద కప్లర్ పట్టుకుని రెండో చేత్తో ట్రిగ్గర్ నొక్కితే చాలు, మెషిన్ కిందకి దూరినప్పుడు ఆ హాయి తెలుస్తుంది. మామూలుగా 400 గ్రాముల కార్ట్రిడ్జ్ పడుతుంది. చాలావాటికి ప్రెజర్ 10,000 పీఎస్‌ఐ దాకా వెళ్తుంది, అంటే దాదాపు 690 బార్, అందుకే రెండు జాగ్రత్తలు చెప్పాలి. బేరింగ్‌కి చెప్పినంతే పెట్టండి, ఆపకుండా నొక్కితే సీల్ ఎగిరిపోతుంది, చేతి గన్‌లో తెలిసే బిగువు ఇందులో తెలియదు. రెండోది, హోసు చిరిగి ఉందేమో చూడండి, లీకైన చోట వేలు పెట్టకండి. ఆ ప్రెజర్‌లో గ్రీజు చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల మాత్రం చెయ్యి పాడైపోతుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బ్లోయరు, లైటు, టైర్లకి గాలి పెట్టేది అన్నీ అదే బ్యాటరీకి నెమ్మదిగా చేర్చుకోవచ్చు. కాంక్రీట్ పోసే పని కూడా ఉంటే నీడిల్ వైబ్రేటరు, రాడ్లు కట్టే టూల్ కూడా కార్డ్‌లెస్‌లో వస్తున్నాయి, మీ బ్యాటరీకి అవి ఉన్నాయో లేదో రోటరీ హ్యామర్ కొనే రోజే చూసుకోండి.

స్టెప్ 7: దుమ్ము, అదురు

కాంక్రీట్ దుమ్ములో సిలికా ఉంటుంది, కంటికి కనిపించనంత సన్నగా ఉండి ఊపిరితిత్తుల అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది, సిలికోసిస్ వస్తే వెనక్కి పోయే జబ్బు కాదు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ ఓషా 2016లో పెట్టిన పరిమితి 8 గంటల సగటు మీద క్యూబిక్ మీటర్ గాలికి 50 మైక్రోగ్రాములు, అంటే చిటికెడు కూడా కాదు. కాబట్టి డస్ట్ బాక్స్ తగిలించుకునే రోటరీ హ్యామర్ గానీ, బిట్టు లోపల్నుంచే దుమ్ము లాగే హాలో బిట్టు, హెపా ఫిల్టర్ (సన్నటి దుమ్మునీ పట్టే ఫిల్టర్) ఉన్న వ్యాక్యూమ్ గానీ బడ్జెట్‌లో మొదటే కలపండి. గ్రైండర్‌కి డస్ట్ ష్రౌడ్ (డిస్క్ చుట్టూ దుమ్ము బయటికి రాకుండా పట్టే తొడుగు) తప్పనిసరి. ముఖానికి కట్టుకునే గుడ్డ దీనికి అడ్డు కాదు. కెమికల్ యాంకర్లు (హోల్‌లో జిగురు లాంటి కెమికల్ నింపి నిలబెట్టేవి) వేసేవాళ్లకి ఇంకో లాభం, హోల్‌లో దుమ్ము ఉంటే కెమికల్ గోడకి పట్టదు, దుమ్మునే పట్టుకుంటుంది, హోల్ శుభ్రంగా ఉంటేనే యాంకర్ నిలుస్తుంది.

అదురు సంగతి మాన్యువల్‌లో మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ అని ఉంటుంది. యూరప్ రూల్స్‌లో 8 గంటల లెక్కన 2.5 దాటితే చర్యలు తీసుకోవాలి, 5 దాటకూడదు. రెండు మెషిన్లు సమానంగా అనిపిస్తే ఈ అంకె తక్కువ ఉన్నదే తీసుకోండి, వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైతే అది మెషిన్ చెప్తున్న మాటే.

స్టెప్ 8: తెచ్చిన వారంలోనే పరీక్ష పెట్టండి

వాపసు గడువు ఉండగానే మీ అసలు పని చేసి చూడండి. మీ సైజు బిట్టు, మీ లోతు, ఫుల్ ఛార్జ్ బ్యాటరీ ఒకటి పెట్టి ఎన్ని హోల్స్ అవుతాయో లెక్కపెట్టండి, రోజు లెక్కని దాంతో భాగిస్తే రోజుకి ఎన్ని ఫుల్ ఛార్జులు కావాలో తేలిపోతుంది. బిట్టు కాడకి కొంచెం గ్రీజు రాసి పెట్టండి, లేకపోతే చక్ లోపల అరిగిపోతుంది. పని అయ్యాక మోటార్ గాలి రంధ్రాల్లో దుమ్ము బ్లోయర్‌తో ఊదెయ్యండి, బ్యాటరీలు కొన్నాళ్లు వాడరనుకుంటే సగం ఛార్జ్‌లో ఉంచి చల్లగా ఉండే చోట పెట్టండి, ఎండలో నిలబెట్టిన బండిలో మాత్రం వదలకండి.