కత్తితో స్క్రూ తిప్పే ముందు

సరైన పనిముట్టు లేనప్పుడు చేతికి దొరికినదానితో పని కానిచ్చుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. పరకాల, నర్సంపేట, జమ్మికుంట చుట్టుపక్కల ఊళ్లలో హార్డ్‌వేర్ షాపుకు పోవాలంటే బండి తీయాలి, హన్మకొండలో ఉన్నా రాత్రి షట్టర్లు దించాక అదే పరిస్థితి. అందుకే ఇంట్లో వస్తువులు వాడొద్దని చెప్పను, ఎట్లా వాడితే పని అవుతుందో చెప్తాను. ఏది పట్టుకున్నా ముందు ఒకటి చూసుకోండి: ఇది జారితే ఎటు పోతుంది? అరచేతిలోకా, కంటివైపా, కరెంటు మీదికా? ఈ మూడింట్లో ఏ ఒక్కవైపు పోయేలా ఉన్నా ఆ పని ఆపేసి వేరే దారి చూడండి.

స్క్రూలతో మొదలుపెడదాం, ఎక్కువమంది చెయ్యి కోసుకునేది అక్కడే. కూరగాయల కత్తి మొన పెట్టి ప్లస్ స్క్రూ తిప్పితే మొన ఒక గాడిలోనే కూర్చుంటుంది, బలమంతా ఒక పక్కకే పడుతుంది, దాంతో మొన విరుగుతుంది లేదా గాడి అరిగిపోతుంది. ఒకసారి గాడి అరిగిందంటే రేపు అసలు స్క్రూ డ్రైవర్ తెచ్చినా అది రాదు. మైనస్ స్క్రూ అయితే రూపాయి బిళ్ల చాలు, బిళ్లను కటింగ్ ప్లేయర్‌తోనో మందపాటి గుడ్డతోనో పట్టుకుంటే ఇంకా బాగా తిరుగుతుంది. చిన్న ప్లస్ స్క్రూకు గోళ్లు తీసే కట్టర్‌లో ఉండే ఆకురాయి మొన పనికొస్తుంది, ఎందుకంటే అది పొట్టిగా ఉంటుంది, వంగదు. ఏది వాడినా తిప్పే బలం కంటే లోపలికి నొక్కే బలం ఎక్కువుండాలి. గాడి ఇప్పటికే అరిగిపోయి ఉంటే సైకిల్ ట్యూబు ముక్క ఒకటి చదునుగా కత్తిరించి గాడి మీద పరిచి, దాని మీద నుంచి నొక్కి మెల్లగా తిప్పండి, రబ్బరు ఖాళీని నింపి పట్టు ఇస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ మీద రెండు చుక్కల డీజిల్ వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దున సగం పని అయిపోయి ఉంటుంది (ట్రాక్టర్ ఉన్న ఇంట్లో డీజిల్‌కు కరువుండదు). దగ్గర్లో పొయ్యి, దీపం లేకుండా మాత్రం చూసుకోండి.

వానాకాలం వస్తే పాత కర్ర తలుపులు ఉబ్బి, బరువెక్కి, కిందికి దిగి గచ్చును గీరుతుంటాయి. చాలాసార్లు తలుపులో తప్పేమీ ఉండదు, కబ్జాల (తలుపు బందుల) స్క్రూలు పట్టే రంధ్రాలు వదులైపోతాయి, అంతే. దీనికి వడ్రంగి కోసం వారం ఎదురుచూడక్కర్లేదు. తలుపు తెరిచి, కింద చిన్న ఇటుక ముక్క పెట్టి, దాని మీద గడ్డపారను అడ్డంగా పెట్టి మొనను తలుపు కిందికి దూర్చండి. రెండో చివర కాలితో మెల్లగా నొక్కితే తలుపు కొద్దిగా పైకి లేస్తుంది, రంధ్రాలు మళ్లీ వరసలోకి వస్తాయి. ఒకరు అట్లా నొక్కి పట్టుకుంటే ఇంకొకరు వదులైన స్క్రూ ఒక్కటి తీయాలి. అన్నీ ఒకేసారి తీయొద్దు, తలుపు మీద పడుతుంది. ఖాళీ రంధ్రంలోకి కాలిపోయిన అగర్‌బత్తి పుల్లలు రెండో మూడో, ఫెవికాల్ ఉంటే దాంట్లో ముంచి, గట్టిగా దూర్చి అంచు దగ్గర విరిచేయండి. అగ్గిపుల్లలు కూడా నడుస్తాయి కానీ అవి మెత్తటి కర్ర, అగర్‌బత్తి పుల్ల వెదురు కాబట్టి ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత అదే స్క్రూకు కొంచెం సబ్బు రాసి ఎక్కించండి, ఎక్కడం తేలికవుతుంది. ఫెవికాల్ వాడితే ఆ రాత్రి తలుపును ఎక్కువగా ఊపకండి. ఈ పని బాగా చేస్తే ఏళ్లు నిలుస్తుంది, దీన్ని నేను తాత్కాలికం అని కూడా అనను.

సుత్తె సంగతి. రాతి పొత్రంతో మొల కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి మానేయండి. రాయికి ఇనుము తగిలితే పెచ్చులు లేస్తాయి, అవి ఎటు ఎగురుతాయో చెప్పలేం. ఇత్తడి హమాన్‌దస్తా అయితే సొట్టలు పడుతుంది, అమ్మమ్మల నాటి వస్తువును మొల కోసం పాడుచేసుకోవద్దు. ఇనుప దస్తా ఉంటే వాడండి. గొడ్డలి వెనుక భాగంతో కొట్టొద్దు, చెయ్యి వెనక్కి లేపినప్పుడు పదును మన ముఖంవైపే వస్తుంది. మొలను వేళ్లతో పట్టుకోకుండా బట్టల క్లిప్పుతో పట్టుకోండి. సిమెంటు గోడలోకి మామూలు మొల దిగదు, వంగుతుంది, బలం పెంచినకొద్దీ గోడ పెచ్చులు లేవడం తప్ప లాభం లేదు. ఇంకొకటి, స్విచ్ బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన వరసలో మొల కొట్టకండి, వైర్లు సాధారణంగా అదే వరసలో గోడలో నడుస్తాయి.

నల్లా పైపు కారుతుంటే సైకిల్ ట్యూబును మించినది లేదు. ముందు ట్యాంకు దగ్గర వాల్వ్ కట్టేసి పైపును పొడిగుడ్డతో బాగా తుడవండి, తడి మీద కడితే రబ్బరు జారుతుంది. ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా పొడుగ్గా కత్తిరించి, పగులుకు జానెడు ఇవతల మొదలుపెట్టి, సాగినంత సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా అవతల జానెడు దాకా చుట్టండి. సాగదీయడమే ఇందులో అసలు పని, వదులుగా పది చుట్లు చుట్టినా నీళ్లు ఆగవు. చివరలు బైండింగ్ తీగతో బిగించండి. ఇంటి మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకు ఇది బాగా ఆగుతుంది, ఎందుకంటే 10 మీటర్ల ఎత్తు నీళ్లుంటేగానీ ఒక బార్ (ఒత్తిడిని కొలిచే లెక్క) ఒత్తిడి రాదు, మన ట్యాంకులు నల్లా కంటే మూడు నాలుగు మీటర్లే ఎత్తులో ఉంటాయి. బోరు మోటారు నుంచి పైకి నీళ్లు ఎక్కించే పైపు మీద మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ.

నల్లాను తిప్పి బిగించే మర దగ్గర కారుతూ, మర మీద చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు లేకపోతే, పాల ప్యాకెట్ కవరును సన్నటి పట్టీగా కోసి మర మీద చుట్టి బిగిస్తే ఒకటి రెండు రోజులు గడుస్తుంది. నల్లా ఎటు తిప్పితే బిగుస్తుందో చూసుకుని, బిగించేటప్పుడు చుట్టు ఇంకా బిగుసుకునేలా చుట్టాలి, ఎదురు తిప్పితే ఊడి బయటికి వస్తుంది. నట్టు తిప్పడానికి పానా లేదని పొయ్యి దగ్గరి పట్కారు తీసుకుంటే నట్టు మూలలు గుండ్రమైపోతాయి. వాటర్ ఫిల్టర్ డబ్బా లాంటి గుండ్రటివాటికి మాత్రం ట్యూబు పట్టీనో పాత తోలు బెల్టో చుట్టి లాగితే పానా కంటే నయం.

గోడకు ఫొటో నిటారుగా రావాలంటే దారానికి తాళంకప్ప కట్టి వేలాడదీయండి. మేస్త్రీల గుండు చేసే పని అదే.

ఇక ఏం దొరికినా వాడకూడని చోట్లు. ఫ్యూజు పోయిందని వైరులోంచి రాగి పోగులు లాగి మెలేసి పెడతారు. తీగ మందమైతే కరిగేది ఫ్యూజు కాదు, గోడలో ఉన్న వైరు వేడెక్కుతుంది, ఆ నిప్పు మనకు కనబడే చోట మొదలవదు. ప్లగ్గు లేకుండా రెండు వైర్లు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు కుక్కడం, మరీ ముఖ్యంగా వాటర్ హీటర్‌కు, అస్సలు చేయొద్దు. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే కర్ర పట్టుకుని మనమే ఎక్కడం ఇంకా ఘోరం, ఎంతమంది రైతులు అట్లా పోయారో మన ఊళ్లలో అందరికీ తెలుసు. పంట ఎండుతుంటే టెన్షన్ ఉంటుంది, నిజమే, అయినా లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి, లేదా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

గ్యాస్ కారుతోందని అనుమానమొస్తే సబ్బు నురగ రాసి చూడండి, అగ్గిపుల్ల గీసి కాదు. స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికొచ్చి గ్యాస్ లీకేజీ నంబరు 1906కు చెప్పండి. పైపుకు టేపు చుట్టి వంట కానిచ్చేయడం వద్దు. ప్రెషర్ కుక్కర్ విజిల్ పోతే దాని చోట చెంచానో పిండి ముద్దో పెట్టడం, సేఫ్టీ వాల్వ్ రంధ్రంలో గుడ్డ దూర్చడం కూడా అంతే ప్రమాదం. లోపల ఆవిరి 120 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటుంది, దానికి బయటికి పోయే దారి ఆ రెండే. ఆ పూట అన్నం గిన్నెలో వండుకోండి.

ఎత్తు మీది పనికి కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద డబ్బా వద్దు, పక్కింటి నిచ్చెన అడగండి, ఇస్తారు.

డబ్బులు చూసుకుంటూ ఒక్కొక్కటే కొందామంటే ముందు ప్లస్, మైనస్ రెండూ మార్చుకునే స్క్రూ డ్రైవర్, తర్వాత కటింగ్ ప్లేయర్, ఆ తర్వాత టెఫ్లాన్ టేపు ఒక చుట్ట. పాత సైకిల్ ట్యూబు పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు, తెచ్చి ఎండ తగలని చోట పెట్టుకోండి.