పాత బ్యాంకు బిల్డింగు చరిత్ర రాయాలంటే స్ట్రాంగ్ రూమ్ దగ్గర మొదలుపెట్టండి

వరంగల్, కరీంనగర్ వైపు చిన్న ఊళ్లలో పాత బ్యాంకు బిల్డింగులు ఒక్కొక్కటిగా నేలమట్టం అవుతున్నాయి. కూల్చేలోగా వాటి గురించి నాలుగు పేజీలైనా రాసి పెట్టాలి. క్యాషు కౌంటర్లో పని చేసి రిటైరైన వాణ్ని కాబట్టి, ఎట్లా రాయాలని పిల్లలు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసిన పద్ధతి చెప్తాను.

చాలామంది ముందు వైపు కమాన్లను ఫోటో తీసుకొని వెళ్లిపోతారు. కానీ ముందు భాగాన్ని నమ్మలేం. బోర్డు మారినప్పుడల్లా దాని రూపు మారుతుంది. టైల్స్ అతికిస్తారు, వరండా మూసి ఏటీఎం పెడతారు. స్ట్రాంగ్ రూమ్‌ను (డబ్బు, నగలు దాచే గట్టి గదిని) మాత్రం ఎవరూ కదపరు, అంత ఖర్చు ఎవరూ పెట్టుకోరు. అందుకే అసలు చరిత్ర అక్కడే మిగిలి ఉంటుంది.

ఒక జాగ్రత్త. బ్రాంచి ఇంకా నడుస్తుంటే ఆ గది జోలికి పోవద్దు, మీ ప్లాన్లో దాన్ని చూపించొద్దు. మేనేజరుకు అర్జీ ఇచ్చి, ఒప్పుకుంటే బయటి గోడల వరకే కొలవండి. ఇక్కడ చెప్పేదంతా బ్యాంకు ఖాళీ చేసి ఓనరు చేతికొచ్చిన బిల్డింగుల గురించి. టేపు, టార్చి, నోటుబుక్కు చాలు.

లోపలికి పోగానే స్ట్రాంగ్ రూమ్ గోడ హాలు గోడను కలిసే మూల దగ్గర నిలబడి టార్చి వేయండి. పెచ్చు ఊడిన చోట రాళ్లు ఒకదాంట్లో ఒకటి పళ్లు పట్టినట్టు కలిసిపోయి ఉంటే రెండు గోడలూ ఒకేసారి లేచాయి. అంటే బిల్డింగును బ్యాంకు కోసమే కట్టి ఉండొచ్చు. పైనుంచి కింది దాకా నిట్టనిలువుగా సన్నటి గీత కనిపిస్తే ఆ గది తర్వాత చేర్చింది. అప్పుడు ఆ బిల్డింగు ఏ షావుకారి ఇల్లో, దుకాణమో, బ్యాంకు కిరాయికి తీసుకొని ఉంటుంది. నేల మీది షాబాదు బండల వరస కొత్త గోడ కిందికి పోయి అటువైపు మళ్లీ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ ఒక్క మూల మీద అరగంట పెట్టండి, మిగతా చరిత్రకు దారి దొరుకుతుంది.

దర్వాజ దగ్గర గోడ మందం కొలిచి, మామూలు గోడ మందం పక్కన రాసుకోండి. కప్పు కూడా చూడండి. హాలుకు ఇనుప దూలాల మధ్య ఇటుక కమాన్లు ఉండి, ఈ గదికి మాత్రం కాంక్రీటు స్లాబు ఉంటే అదీ తర్వాతి పనే కావొచ్చు. దూలాల మీద తయారుచేసిన కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉండొచ్చు, రంగు కింద దాగినా టార్చి పక్కవాటుగా వేస్తే అక్షరాలు తేలతాయి.

పూత సంగతి తేలిక. ఊడిపోయిన పెచ్చును గోటితో గీకితే తెల్లగా పొడి రాలేది డంగుసున్నం (గానుగలో నూరిన సున్నం). బూడిద రంగులో గట్టిగా ఉండేది సిమెంటు. ఊళ్లో ముసలి సుతారి (తాపీ మేస్త్రీ) ఎవరైనా ఉంటే వెంట తీసుకుపోండి, మనకు గంట పట్టేది ఆయనకు ఒక చూపు.

ఇక తేదీలు. శిలాఫలకం ఉర్దూలో ఉంటే అంకె పక్కన అక్షరం తప్పక చదివించుకోండి. ‘ఫే’ ఉంటే ఫసలీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరం), ‘హే’ ఉంటే హిజ్రీ (ముస్లిం క్యాలెండరు). 1350 ఫసలీ అంటే 1940-41, 1350 హిజ్రీ అంటే 1931-32. తొమ్మిదేళ్ల తేడా! ఫసలీకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి.

బ్యాంకు పేరే ఇంకో ఆధారం. హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ 1941 చట్టంతో ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. 1956లో రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్బీఐలో కలిసిపోయింది. కాబట్టి పాత కాగితం మీదో, చెక్క బోర్డు మీదో ‘హైదరాబాద్ స్టేట్ బ్యాంక్’ అని కనిపిస్తే అది 1942కూ 1956కూ మధ్యది. ఆంధ్రా బ్యాంకు వేరే కథ, 1923లో మచిలీపట్నంలో పుట్టి 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది.

పెద్దవాళ్లను కలిసినప్పుడు ‘బ్యాంకు ఎప్పుడు పెట్టారు’ అని అడగొద్దు, సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. ‘హాలీ పైసలు చూశారా, చార్మినార్ బొమ్మ రూపాయి ఏ కౌంటర్లో కట్టేవారు’ అనడగండి. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయి; ఏడు హాలీలకు సుమారు ఆరు కల్దార్లు లెక్క. ఆ మారకం మాట ఎత్తితే మిగతా జ్ఞాపకాలన్నీ వాటంతటవే వస్తాయి. పాత క్యాషియర్లను తాళాల గురించి అడగండి. స్ట్రాంగ్ రూమ్ తెరవాలంటే ఇద్దరి తాళంచెవులు కావాలి, ఆ ఇద్దరూ రోజూ ఎక్కడ నిలబడేవారో చెప్తే గది వాడకం మొత్తం మీకు అర్థమవుతుంది.

కిరాయి ఒప్పందం నకలు ఓనరు ఇంట్లో దొరకొచ్చు. అక్కడ లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, మున్సిపాలిటీ ఇంటిపన్ను రికార్డులు, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత సర్కారు రికార్డుల ఆఫీసు) చూడండి.

అంతా అయ్యాక కొలతలతో గీసిన ప్లాన్, ఫోటోలు, ఎవరు ఏ తేదీన ఏం చెప్పారన్నది (వాళ్ల అనుమతితోనే) ఒక ఫైలు చేసి, ఒకటి ఓనరుకు, ఒకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఓనరు కూల్చేద్దామనే అనుకుంటుంటే ఆ స్ట్రాంగ్ రూమ్ తలుపైనా తుక్కుకు అమ్మకుండా గ్రంథాలయానికి ఇమ్మని అడిగి చూడండి.