దున్నకుండా వేసిన మొక్కజొన్న: ఎక్కడ దెబ్బతింటుంది, ఎలా సరిదిద్దాలి

గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల మాగాణుల్లో వరి కోయగానే దుక్కి లేకుండా మొక్కజొన్న విత్తుతున్నారు. దుక్కి ఖర్చు తగ్గుతుంది, అదను కలిసొస్తుంది. కానీ దుక్కిలో సర్దుకుపోయే తప్పులు ఇక్కడ సర్దుకోవు. వాటిలో సగం విత్తిన రోజు నేల పదును (తగినంత తడి) దగ్గరే మొదలవుతాయి.

మొలక అక్కడక్కడే వచ్చింది

గింజ తవ్వి చూడండి. మెత్తబడి వాసన కొడితే చేను పచ్చిగా ఉండగానే విత్తినట్టు. ఉబ్బి ఆగిపోతే పదును చాలలేదు. గింజే లేకపోతే గుంత పూడ్చలేదు, పిట్టలో ఎలుకలో తినేశాయి. ఇంకొకటుంది: తడి నల్లరేగడిలో కర్రతో పొడిచిన గుంత గోడలు నున్నగా బిగుసుకుంటాయి, వేరు పక్కలకు పోలేక అందులోనే చుట్టుకుంటుంది.

మడమ దిగబడకూడదు, పిసికితే మట్టి ఉండ కట్టాలి, చేతికి నీరు అంటకూడదు. అదీ పదును. నెర్రెలు మొదలైతే పలుచని తడి ఇచ్చి, ఆరాక వేయండి. ఎకరాకు 8 కిలోల విత్తనం, 60 x 20 సెం.మీ. దూరం, 4-5 సెం.మీ. లోతు, గుంతపై పొడిమట్టి కప్పాలి. ఖాళీలు వారంలోపే నింపాలి. ఆలస్యమైతే ఆ మొక్కలు నీడలో నలిగి కండె కట్టవు.

కలుపు, వరి దుబ్బుల చిగుళ్లు

విత్తిన 48 గంటల్లోపు, ఎకరాకు 200 లీటర్ల నీటిలో కలుపు మందులు పారాక్వాట్ 24% లీటరు, అట్రజిన్ 50% కిలో కలిపి కొట్టాలి. మొలక పైకొచ్చాక పారాక్వాట్ కొడితే పైరే మాడుతుంది. కాలువలోని బురద నీళ్లు వాడితే మట్టి రేణువులు మందును పట్టేస్తాయి, తేట నీళ్లే కావాలి. పారాక్వాట్ ఒంట్లోకి పోతే విరుగుడు లేదు, చేతి తొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. అదను తప్పితే, కలుపు 2-4 ఆకుల దశలో టెంబోట్రయోన్ 34.4% ఎకరాకు 115 మి.లీ. ముదిరిన దుబ్బులకు కొడవలే దిక్కు.

పైరు పసుపెక్కింది

నీరు నిలిచిందేమో ముందు చూసి కాలువ తీయండి. కింది ఆకు కొన నుంచి ఈనె వెంట పసుపు దిగితే నత్రజని లోపం. కుళ్లే వరి కొయ్యకాళ్లు (కోశాక మిగిలిన మోళ్లు) కొంతకాలం నత్రజనిని లాక్కుంటాయి. యూరియా కొయ్యలపై చల్లితే ఆవిరైపోతుంది, మొక్కకు 7-8 సెం.మీ. దూరంలో గుంత తీసి వేయాలి. లేత ఆకుల్లో ఈనెకు ఇరువైపులా తెల్లటి పట్టీలుంటే జింకు లోపం: జింక్ సల్ఫేట్ లీటరు నీటికి 2 గ్రాములు, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి.

గాలికి ఒరిగింది

పైపైన పడిన గింజకు వేరు పట్టు ఉండదు. 30-35 రోజులప్పుడు యూరియా వేసి, మొదళ్లకు మట్టి ఎగదోయండి.