క్యారవాన్ ఏ మోడలో తేల్చుకుని మాన్యువల్ రాబట్టుకోవడం ఎలా?

సెకండ్‌హ్యాండ్‌లో క్యారవాన్ కొన్నవాళ్లు ముందు మాన్యువల్ కోసం వెతుకుతారు. బండి వెనక రాసి ఉన్న పేరు కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. మన దేశంలో తిరిగే క్యారవాన్లలో ఎక్కువ భాగం ఒక్క కంపెనీ చేసినవి కావు మరి. కింది బండి ఒకరిది, పైన బాడీ ఇంకొకరిది, లోపల ఫ్రిజ్జు, నీళ్ల పంపు, ఇన్వర్టరు, టాయిలెట్ తలా ఒకరివి. వెనక రాసిన పేరు బాడీ కట్టినవాళ్లది. అందుకే కాగితాలు మూడు చోట్ల వెతకాలి.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ వైపు ఉండేవాళ్లకు ఇది మరీ అవసరం. బండి కట్టించింది ఎక్కడో దూరాన పెద్ద ఊళ్లో అయ్యుంటుంది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుండగా ఆగిపోతే చూసేది రోడ్డు పక్క మేస్త్రి. “ఏ బండి బాబూ ఇది?” అని అతను అడిగితే “క్యారవాన్” అని చెప్పడం వల్ల ఉపయోగం లేదు. “ఫోర్స్ ట్రావెలర్, 3350 వీల్‌బేస్, బీఎస్6, 2021 తయారీ” అని చెప్పగలిగితే బరంపురం నుంచో విశాఖ నుంచో సరైన సామాను తెప్పిస్తాడు. వీల్‌బేస్ అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం. బీఎస్6 అంటే బండి పొగకు ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం.

కింది బండి ఎవరిది?

ఆర్‌సీ తీసి మేకర్, మోడల్, తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, వీల్‌బేస్, ఖాళీ బరువు, అనుమతించిన మొత్తం బరువు రాసుకోండి. రాసుకున్నాక అది బండితో సరిపోలిందో లేదో చూడాలి. ఫ్రేమ్ ఉన్న బండ్లకు ఛాసిస్ నంబరు సాధారణంగా కుడివైపు ముందు చక్రం దగ్గర కొట్టి ఉంటుంది. వైర్ బ్రష్షుతో మట్టి దులిపి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. మెత్తటి పెన్సిల్‌తో అంకెల మీద బాగా రుద్ది, పైన సెల్లో టేపు అంటించి, గోటితో నొక్కి, మెల్లగా లాగి తెల్లకాగితం మీద అతికించండి. ఫొటోలో మెరుపు వల్ల కనపడని అంకె ఈ ప్రింటులో కనిపిస్తుంది. గోపాలపూర్ లాంటి సముద్రం ఒడ్డున ఎక్కువకాలం నిలిపిన బండికైతే తుప్పు అంకెల్ని తినేసి ఉండొచ్చు. అలాంటిది కొనేముందే చూసుకోవాలి, కొన్నాక కాదు.

నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఇందులో వాడరు. కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. ఆర్‌సీలో టైపు చేసినవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒక్క అక్షరం తేడా ఉన్నా పేరు మార్పిడి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రెండూ ఆగుతాయి. మొదటి మూడు అక్షరాలు తయారీదారువి: ‘ఎం ఏ టీ’ అంటే టాటా, ‘ఎం సీ 1’ ఫోర్స్, ‘ఎం ఏ 1’ మహీంద్రా, ‘ఎం బీ 1’ అశోక్ లేలాండ్. పదో అక్షరం మామూలుగా సంవత్సరం చెబుతుంది: జే 2018, కే 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పీ 2023, ఆర్ 2024. దాన్ని ఆర్‌సీలోని తయారీ తేదీతో పోల్చుకోండి.

తర్వాత టేపు పట్టండి. స్టీరింగు నిటారుగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు వైపులా కొలవాలి. ట్రావెలర్ 3050, 3350, 3700, 4020 అనే పేర్లు ఈ కొలత నుంచే వచ్చాయి, మిల్లీమీటర్లలో. వింగర్ 3200, 3488. అర్బేనియా 3350, 3615, 4400. ఇక్కడొక చిక్కుంది: 3350 అనేది ట్రావెలర్‌లోనూ ఉంది, అర్బేనియాలోనూ ఉంది. రెండూ ఫోర్స్ బండ్లే అయినా బాడీ నిర్మాణం వేరు. ఫోనులో “ఫోర్స్ 3350కి” అని సామాను చెబితే దేనిది వస్తుందో మీ అదృష్టం. మోడల్ పేరు, వీల్‌బేస్, ఛాసిస్ నంబరు మూడూ కలిపి చెప్పండి.

2020 ఏప్రిల్ నుంచి రిజిస్టరైన కొత్త బండ్లు బీఎస్6. డీజిల్ మూత దగ్గర నీలం మూత ఉంటే డీఈఎఫ్ (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం) ట్యాంకు ఉన్నట్టు. అందులో పోసేది 32.5 శాతం యూరియా ద్రావణం. ఎండలో నెలల తరబడి నిలిపితే అది చెడుతుంది, నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకడుతుంది. పాత బీఎస్4 మాన్యువల్‌లో ఈ సంగతులేవీ ఉండవు. బండి ఒకేలా కనిపిస్తోంది కదా అని ఆ పుస్తకం పెట్టుకుని సర్వీసు చేయిస్తే ఇక్కడే దెబ్బతింటారు.

ఈ వివరాలతో కంపెనీ వెబ్‌సైట్‌లో ఓనర్ మాన్యువల్ దించుకోవచ్చు. దొరక్కపోతే డీలర్ సర్వీస్ కౌంటర్‌లో ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీస్ షెడ్యూలు, ఫిల్టర్ల పార్టు నంబర్లు ప్రింట్ అడగండి. ఆయిల్ గ్రేడు, పరిమాణం, చక్రాల బోల్టుల టార్కు (ఎంత గట్టిగా బిగించాలనే లెక్క), టైర్ల గాలి ఉన్న పేజీలు విడిగా ప్రింట్ తీసి డాష్‌బోర్డులో పెట్టుకుంటే చాలు. ఘాటు మధ్యలో మేస్త్రి మొత్తం పుస్తకం చదవడు.

బాడీ కట్టిన షెడ్డు

తలుపు గడప దగ్గరో, డ్రైవర్ సీటు వెనకో రివెట్ కొట్టిన చిన్న ప్లేటు ఉందేమో చూడండి. లేకపోతే మొదటి రిజిస్ట్రేషన్ నాటి ఫారం 22ఏ కాపీ అడగండి. బాడీ విడిగా కట్టిన బండికి ఆ ఫారంలో బాడీ కట్టినవాళ్ల వివరాలు ఉంటాయి. ఆర్‌సీలో వాహన తరగతి కూడా చదవండి. ‘మోటార్ క్యారవాన్’ లేదా ‘క్యాంపర్ వ్యాన్’ అని ఉండాలి. లోపల మంచాలు, స్టవ్వు ఉండి కాగితం మీద మామూలు ప్యాసింజర్ బండి అని ఉంటే, మార్పులు రికార్డుకు ఎక్కలేదన్నమాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది సమస్యే. ధర మాట్లాడకముందే అమ్మేవాళ్లతో సరిచేయించుకోండి.

షెడ్డువాళ్లు దొరికితే మాన్యువల్ అని అడక్కండి, చాలామంది దగ్గర అది ఉండదు. వైరింగ్ గీత, నీళ్ల పైపుల గీత, లోపల బిగించిన ప్రతి వస్తువు బిల్లు, వారంటీ కార్డు అని విడివిడిగా అడగండి. వైరింగ్ గీత దొరక్కపోతే మీరే గీసుకోవాలి. ఒక మనిషి ఫ్యూజు బాక్సు దగ్గర, ఒకరు లోపల ఉండాలి. అన్నీ ఆన్ చేసి, ఒక్కో ఫ్యూజు తీసి, ఏది ఆగిందో మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అంటించండి. ఫ్యూజు ఆంపియర్లతో పాటు వైరు మందం కూడా రాయండి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరుకు 30 ఆంపియర్ల ఫ్యూజు కనిపిస్తే, ఎవరో మాటిమాటికీ పోతోందని పెద్దది వేసి వదిలేశారని అర్థం. అది మంట పెట్టే పని. అసలు లోపం ఎక్కడో వెతకాలి.

లోపలి సామాను

ప్రతి వస్తువు లేబులూ ఫొటో తీయాలి: మోడల్ నంబరు, సీరియల్ నంబరు, వోల్టులు. డోమెటిక్ ఫ్రిజ్జు లేబులు తలుపు తీస్తే లోపలి గోడకు ఉంటుంది. థెట్‌ఫోర్డ్ టాయిలెట్ లేబులు బయటి చిన్న తలుపు తీసి, మలం ట్యాంకు బయటికి లాగితే కనిపిస్తుంది. విక్ట్రాన్ ఇన్వర్టర్లు, ఛార్జర్ల సీరియల్ ‘హెచ్ క్యూ’తో మొదలవుతుంది. ఆ తర్వాతి నాలుగంకెల్లో మొదటి రెండు సంవత్సరం, తర్వాతి రెండు వారం. ఈ మూడు కంపెనీలూ మాన్యువల్స్ ఉచితంగా ఇస్తాయి. మోడల్ నంబరు పూర్తిగా కొట్టి వెతకండి, చివరి అక్షరం వదలొద్దు. అమెరికా మాన్యువల్ తగిలితే జాగ్రత్త, అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనది 230, 50.

ఎక్కువ గొడవ పెట్టేది 12 వోల్టుల ఫ్రిజ్జు. చాలావాటి వెనక ఉండే కంప్రెసర్ డాన్‌ఫాస్ లేదా సెకాప్ బీడీ35ఎఫ్ రకం. ఫ్రిజ్జు మీద ఏ పేరున్నా, కంప్రెసర్ పక్కనున్న ఎలక్ట్రానిక్ పెట్టె నంబరు చూసి దాని కాగితం దించుకోండి. చిన్న ఎల్‌ఈడీ బిగించి ఉంటే అది ఆగి ఆగి మెరిసే లెక్కే రోగం పేరు: ఒకసారి అయితే బ్యాటరీ వోల్టేజీ చాలట్లేదు, రెండైతే ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతోంది, మూడైతే మోటారు మొదలవట్లేదు, నాలుగైతే మోటారు కనీస వేగం అందుకోవట్లేదు, ఐదైతే ఎలక్ట్రానిక్ పెట్టె వేడెక్కింది. ఒక్క మెరుపు వస్తే బ్యాటరీని తిట్టే ముందు వైరు చూడండి. 12 వోల్టుల దగ్గర రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు రెండున్నర మీటర్ల దూరానికే పనికొస్తుంది. 4 చదరపు మిల్లీమీటర్లది నాలుగు మీటర్లకు, 6ది ఆరుకు, 10ది పదికి. బ్యాటరీ డ్రైవరు సీటు కింద, ఫ్రిజ్జు వెనక మూల, మధ్యలో సన్న వైరు అయితే బ్యాటరీ దగ్గర 12.6 చూపిస్తున్నా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అక్కడికి చేరేది తక్కువే. కొత్త బ్యాటరీ కొన్నా ఇది బాగవదు.

బ్యాటరీ లేబులు కూడా చదవండి. లెడ్ యాసిడ్ తీసి లిథియం పెట్టి, ఛార్జరు సెట్టింగు మార్చని బండ్లు ఉన్నాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు 14.2 నుంచి 14.4 వోల్టుల వరకు చాలు, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్ బ్యాటరీకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఛార్జింగు) ఆపేయాలి.

నీళ్ల ట్యాంకు నిండితే లీటరుకు కిలో చొప్పున బరువు పెరుగుతుంది. నీళ్లు, డీజిల్, సామాను, మనుషులతో బండిని ఏ రైస్ మిల్లు వేబ్రిడ్జి మీదికైనా తీసుకెళ్లి ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా, మొత్తం ఒకసారి తూయించండి. ఆర్‌సీలో అనుమతించిన మొత్తం బరువు దాటితే ఘాటు దిగేటప్పుడు బ్రేకులు కాలొచ్చు. టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా అంత పాతవి మార్చాల్సిందే.

బండి పక్క రాష్ట్రానిదై 12 నెలలు దాటి ఒడిశాలోనే ఉంచేట్టయితే పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి: రాయగడ ఓడీ-18, కోరాపుట్ ఓడీ-10, గజపతి ఓడీ-20, గంజాం ఓడీ-07. తనిఖీకి ఛాసిస్ ప్రింటు అడుగుతారు, ఇంకో కాపీ తీసి ఉంచుకోండి.