హోంవర్క్ కాపీ కొట్టడం ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

ఎనిమిదో తరగతి లెక్కల హోంవర్క్. నోటుబుక్కులన్నిటిలో ఒకటే జవాబు, ఒకటే తప్పు. స్టార్లు, చాక్లెట్లు, ఇంపొజిషన్, ఇంటికి ఫోన్లు ఏవీ పనిచేయలేదు. బహుమతి ఆశ చూపాక, ఇష్టంగా బొమ్మలు వేసే పిల్లలే తర్వాత తక్కువ వేశారని 1973లో మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్ బృందం చూపించింది కూడా.

పనిచేసింది ఇది: అభ్యాసంలోని 10 లెక్కల్లో నచ్చిన 4 చేయాలి, అందులో ఒకటి కష్టమనిపించేది ఉండాలి. ప్రతి లెక్క కింద "ఎక్కడ ఆగాను" అని ఒక వాక్యం రాయాలి. మార్కు వేయను. ఆ వాక్యం పక్కన ఒక ప్రశ్న మాత్రం రాస్తాను: "ఇక్కడ మైనస్ ఎందుకు మారింది?" మర్నాడు పీరియడ్‌లో మొదటి 5 నిమిషాలు దానికే. మార్కూ ప్రశ్నా కలిపి పెడితే పిల్లలు మార్కే చూస్తారు.

మొదట్లో తేలికవే ఎంచుకుంటారు, కంగారుపడొద్దు. పబ్లిక్ పరీక్షలున్న పదో తరగతిలో ఇలాగే నడుస్తుందని చెప్పలేను.