భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట: ఓ పాత స్టేషన్ రైటర్ చెప్పే జాగ్రత్తలు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వుల తర్వాత వచ్చేది సీసీ కెమెరా వీడియో. ఎక్కడో ఎవరో ఎవర్నో పొడుస్తుంటారు. ఏ ఊరో, ఏ ఏడాదో ఉండదు. కింద పదిమంది "రోజులు బాగాలేవు" అని పెడతారు. సాయంత్రం లిఫ్ట్ దగ్గర ఎవరో ఒకరు పట్టుకుంటారు: "హెడ్డు గారూ, నిజంగానే ఇంతలా పెరిగిపోయాయా?"

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. గుంటూరు వైపు స్టేషన్లలో 31 ఏళ్ళు చేస్తే అందులో 17 ఏళ్ళు రైటర్‌ని. లాఠీ కంటే పెన్ను ఎక్కువ పట్టుకునేవాడే రైటర్. జనరల్ డైరీ, ఎఫ్ఐఆర్, పంచనామా, రిమాండ్ రిపోర్టు, అన్నీ వాడి రాతే. ఇప్పుడు హైదరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్క ఎలా చూడాలో

జాతీయ నేర రికార్డుల బ్యూరో, అదే ఎన్‌సీఆర్‌బీ, ఏటా దేశం మొత్తం లెక్కని పుస్తకంగా వేస్తుంది. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది తెరిచి మొత్తం కేసుల సంఖ్య చూసి గుండెలు బాదుకోవద్దు. 2020లో దేశంలో కేసులు ఒక్కసారిగా 28 శాతం పెరిగాయి. జనమంతా ఇళ్ళలో కూర్చున్న ఏడాది అది! లాక్‌డౌన్‌లో బయట తిరిగినవాళ్ళ మీద 188 సెక్షన్ కింద, అంటే ప్రభుత్వ ఉత్తర్వు ధిక్కరించారని, కట్టిన కేసులే 29 వేల నుంచి 6 లక్షలు దాటాయి. అదే ఏడాది హత్యలు పెరిగింది ఒక్క శాతం.

అందుకని హత్యల వరస చూడండి. కొట్లాటని పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి రాజీ చేయొచ్చు, చైన్ పోయిన ఆవిడని రేపు రమ్మని పంపేయొచ్చు. శవాన్ని మాత్రం వెనక్కి పంపలేం, కేసు కట్టి తీరాలి. 1990ల మొదట్లో దేశంలో లక్ష జనాభాకి ఏటా నాలుగుకి పైనే హత్యలు జరిగేవి. 2022లో 28,522 కేసులు, 2023లో 27,721. అంటే లక్షకి రెండు. సగానికి సగం తగ్గింది. పెరిగింది మన చేతిలోని ఫోన్లు.

మిగతా అంకెలు స్టేషన్ని బట్టి ఉంటాయి. మాకు ఒక ఎస్సై ఉండేవాడు, ఆయన హయాంలో నేరాలు బాగా "తగ్గాయి". వచ్చిన పిటిషన్ తీసుకోకపోతే తగ్గక ఏం చేస్తాయి? తర్వాత వచ్చినాయన అన్నీ కట్టమన్నాడు. ఏడాది తిరిగేసరికి మా మండలం నేరాల పుట్టలా కనిపించింది. మనుషులు అదే మనుషులు.

అయితే నిజంగా పెరిగినవీ ఉన్నాయి. సైబర్ కేసుల్లో 2022లో తెలంగాణదే దేశంలో మొదటి స్థానం, 15,297. రక్తం కారదు కాబట్టి దానికి వీడియో లేదు. డబ్బు పోయిన నిమిషంలోనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి, ఆ మాట ఇంతటితో వదిలేస్తాను. ఇంకోటి: 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. హెల్మెట్ లేకుండా రాంగ్ రూట్‌లో పాలకి వెళ్ళొచ్చిన మనిషే కత్తిపోటు వీడియో చూసి "బయటికి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉందండీ" అంటాడు.

ఎవరి చేతిలో

2022 హత్యల్లో 9,962 తగాదాల వల్ల, 3,761 పాత కక్షల వల్ల జరిగాయి. డబ్బు, నగల కోసం చేసినవి 1,884. నా రాతకట్టలు తిరగేసినా ఇదే కథ. చంపినవాడి పేరు చచ్చినవాడి ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకటి చెబుతాను. రెండు పొలాల మధ్య గట్టు. అన్నదమ్ముల పిల్లలే ఇద్దరూ. పంచనామాలో నేను రాసిన వస్తువులు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి: పిడి విరిగిన పార ఒకటి, హవాయి చెప్పులు ఒక జత, అందులో ఎడమదానికి పిన్నీసు, సగం తాగిన క్వార్టర్ సీసా, కొలవడానికి తెచ్చుకున్న కొబ్బరితాడు. గట్టు జరిగిందన్న మేర మేము టేపు పెట్టి కొలిస్తే అడుగు కూడా లేదు. అంతకు మూడు నెలల ముందు ఇద్దరూ స్టేషన్‌కి వచ్చారు. "ఇది సివిల్ తగాదా, కోర్టుకి పోండి" అని పంపించాం.

కాబట్టి నేను చెప్పే మొదటి జాగ్రత్త తలుపు గడియ గురించి కాదు, తగాదా గురించి. పొలం గట్టయినా, సిటీలో పార్కింగయినా, పొద్దుగూకాక ఆ మాట ఎత్తొద్దు. తాగినవాడితో అసలే వద్దు. నోటితో కొలవకుండా, హద్దులు కొలవమని ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయర్ చేత కొలిపించండి. ఎదుటివాడు "నీ అంతు చూస్తా" అన్నాడంటే ఆ మాట ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు అన్నాడో రాసి పిటిషన్ ఇవ్వండి. బైండోవర్ అని ఒకటుంది, పాత 107 సెక్షన్, కొత్త చట్టంలో 126. తహసీల్దార్ ముందు నిలబెట్టి గొడవ చెయ్యనని బాండు రాయిస్తారు. కాగితమే కదా అని నవ్వుతారు. బాండు రాశాక చాలామంది మళ్ళీ నోరెత్తకపోవడం నేను చూశాను. అప్పు అడగడానికి ఒక్కరే, రాత్రిపూట, వాళ్ళ ఇంటికి వెళ్ళొద్దు.

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. 2022లో ఆడవాళ్ళ మీద జరిగినవిగా నమోదైన 4,45,256 కేసుల్లో దాదాపు మూడోవంతు భర్త, అత్తింటివాళ్ళ వేధింపులే. చెంపదెబ్బనీ, గొంతు పట్టుకోవడాన్నీ జనం ఒకే గాటన కడతారు. అలా కట్టొద్దు. గొంతు మీద చెయ్యి వేసిన మగాడు తర్వాత ప్రాణం తీసే అవకాశం చాలా ఎక్కువ. బయటికి గుర్తు కనపడకపోయినా లోపల వాపు రావచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే డాక్టరు రికార్డు, రాయించండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే ఇలాంటి ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, మందులు, కొంచెం డబ్బు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన ఇంట్లో ఉంచమని చెబుతుంటాను. సర్దుకుపో అనే పెద్దవాళ్ళు శవం లేచాక స్టేషన్ అరుగు మీద కూర్చుని ఏడవడం చాలాసార్లు చూశాను.

వెంటపడేవాడి విషయంలో ఒకటే మాట. వద్దని ఒక్కసారి స్పష్టంగా మెసేజ్ పెట్టి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుని, ఆపైన జవాబివ్వడం మానెయ్యాలి. "చివరిసారి ఒక్కసారి మాట్లాడదాం, రా" అంటాడు. వెళ్ళొద్దమ్మా. నా కట్టల్లో ఆడపిల్లల కేసులు కొన్ని ఆ "చివరిసారి" దగ్గరే మొదలయ్యాయి. హైదరాబాద్‌లో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టే పోలీసు బృందాలు. ఇంట్లో తెలిస్తే తిడతారని ఆగకండి, ఇంట్లోవాళ్ళూ తిట్టడం ఆపండి.

వీధిలో, ఇంటికి తాళం వేసినప్పుడు

చైన్ లాగేవాడు వెనకనుంచి వస్తాడు. అందుకే కుడివైపు, వచ్చే బండ్లు కనిపించేలా నడవండి. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ఒంగి ఉంటారు, ధ్యాసంతా చుక్కల మీద ఉంటుంది. వాడికి అదే కావాలి. కొంగు మెడచుట్టూ కప్పుకోండి, అడ్రస్ అడిగే బండికి నాలుగు అడుగుల దూరంలో ఉండి చెప్పండి. లాగితే వదిలెయ్యండి. పట్టుకుని వేలాడితే బండితోపాటు ఈడ్చుకుపోతుంది, తుంటి విరుగుతుంది. బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు. బండి నంబరు మొత్తం పట్టలేకపోతే రంగు, వెనకవాడి చెప్పులు చూడండి. చొక్కా మారుస్తాడు గానీ చెప్పులు మార్చడు.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు పాలప్యాకెట్, పేపర్ ఆపించండి. గేటుకి బయట పెద్ద తాళం "మేం లేము" అని బోర్డు పెట్టినట్టే, లోపలినుంచి వెయ్యండి. స్టేషన్లో చెబితే ఆ వీధి బీట్ కానిస్టేబుల్‌కి అప్పగిస్తారు. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి, గోదావరి ఎక్కడికీ పోదు.

తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్ళకండి. ఒక ఇంట్లో దొంగలు పడ్డారంటే వెళ్ళాం. ఆ ఇల్లాలు మేం వస్తున్నామని బీరువా సర్ది, ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, గుమ్మంలో ముగ్గు కూడా వేసింది. వేలిముద్రలు తీయడానికొచ్చిన క్లూస్ టీమ్ వాళ్ళు బ్రష్షు పట్టుకుని నా మొహం చూశారు, నేను నేల మొహం చూశాను.

దొంగ ఎదురుపడితే ఏం చెయ్యాలి? దారి ఇచ్చెయ్యండి. ప్రాణం మీదికొస్తే కొట్టే హక్కు చట్టంలో ఉంది, న్యాయ సంహిత 34వ సెక్షన్ నుంచి అదే. కానీ దొరికినవాణ్ణి స్తంభానికి కట్టేసి తలా ఓ దెబ్బ వేస్తే అది ఆత్మరక్షణ కాదు, చనిపోతే మీ మీదే హత్య కేసు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు లేచింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. ఆ మెసేజ్‌లు పంపినవాళ్ళూ జాగ్రత్త చెబుతున్నామనే అనుకుని ఉంటారు. అందుకే మా గ్రూపులో ఊరు, తేదీ లేని వీడియో ఏది వచ్చినా నేను తీసెయ్యమంటాను. ముసలాడి చాదస్తం అంటారు, అననీ.

అత్యవసర నంబరు 112కి చెప్పే పద్ధతి

జనం మొదట కథ చెబుతారు. "సార్, మా బావగారూ వాళ్ళ తమ్ముడూ..." అని. కట్ అయితే ఏమీ మిగలదు. మొదటి మాట చోటు అయి ఉండాలి: ఫలానా కాలనీ, ఫలానా గుడి ఎదురు సందు. హైదరాబాద్‌లో మెట్రో పిల్లర్ నంబరు కంటే మంచి అడ్రస్ లేదు. రెండో మాట ఏం జరుగుతోందో, ఆయుధం ఉందో లేదో. మూడోది ఎంతమందో. ఆ తర్వాత బావగారి సంగతి. ఎమర్జెన్సీ కాల్ వెళ్ళడానికి మీ ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు నొక్కాలో ఐదుసార్లు నొక్కాలో ఇవాళే సెట్టింగ్స్‌లో చూసి పెట్టుకోండి, అవసరం పడ్డప్పుడు చెయ్యి వణుకుతుంది.

స్టేషన్లో

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక రాత్రి ఒకావిడ చెవి దగ్గర రక్తంతో వచ్చింది. దెబ్బ తగిలింది రోడ్డుకి అవతల, అది పక్క స్టేషన్ పరిధి. "అక్కడికెళ్ళమ్మా, మాది కాదు" అన్నాను. ఆటో లేని వేళ. ఆవిడ మెట్లు దిగి ఎటు వెళ్ళాలా అని రోడ్డు వైపు చూస్తూ నిలబడటం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పెన్ను నా చేతిలోనే ఉంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగినప్పుడు, ఆ కుటుంబాన్ని పరిధి పేరుతో తిప్పారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఆ వార్త వచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు అలా పంపడానికి లేదు. 2024 జులై 1 నుంచి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌కి వెళ్ళినా తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి, ఈ మూడు రోజుల సంగతి మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. తీసుకోకపోతే అదే పిటిషన్ స్పీడ్ పోస్టులో ఎస్పీకి, సిటీలో అయితే కమిషనర్‌కి పంపండి.

పిటిషన్ ఒక పేజీ దాటొద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు. ఇంతే. "నా మనసు తీవ్రంగా గాయపడినది" లాంటివి రైటర్ చదవడు, నేనైతే చదవలేదు. ఎఫ్ఐఆర్ చదివి వినిపించమనండి, విన్నాకే సంతకం. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

మొన్న మూడో ఫ్లోర్ అమ్మాయి చైన్ పోతే నన్ను తోడు రమ్మంది. వెళ్ళాను. కుర్ర రైటర్, కంప్యూటర్ మీద టకటకా కొట్టి ప్రింటు ముందు పెట్టాడు. ఆ అమ్మాయి సంతకం పెట్టబోతుంటే ఆపాను. ఘటన జరిగిన తేదీ దగ్గర నిన్నటికి బదులు ఇవాళ్టిది పడింది. చూపించాను. "మీరేం చేస్తుంటారు సార్?" అన్నాడు దిద్దుతూ. చెప్పాను. లేచి నాకు కుర్చీ వేశాడు.