కథ తట్టే దాకా ఆగే పోటీ: హైస్కూలులో దెయ్యం కథల రచనను నిర్వహించే పద్ధతి

1816 వేసవిలో జెనీవా సరస్సు దగ్గరి విల్లా డియోడాటిలో, ఎడతెగని వానల వల్ల ఇల్లు కదలలేకపోయిన మిత్రులతో కవి బైరన్ తలా ఒక దెయ్యం కథ రాద్దామన్నాడు. వారిలో పద్దెనిమిదేళ్ల మేరీకి (తరువాత మేరీ షెల్లీగా పేరుపొందిన రచయిత్రి) రోజులు గడిచినా ఏమీ తోచలేదు. ‘కథ తట్టిందా’ అని ప్రతి ఉదయం అడిగితే లేదని చెప్పుకోవలసి వచ్చిందని ఆమె 1831 నాటి ముందుమాటలో రాసింది. చివరకు తట్టిన ఆ కథే 1818లో అచ్చయిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల. అంశం చెప్పి గంటలో కాగితాలు తీసుకునే మన బడి పోటీలో ఆమె తెల్లకాగితమే ఇచ్చి ఉండేది. అందుకే ఈ కార్యక్రమాన్ని వారం ఎడంతో రెండు రోజులు జరపాలి.

మొదటి రోజు పిల్లలను ఐదుగురేసి చొప్పున కూర్చోబెట్టండి. బైరన్, కవి పెర్సీ షెల్లీ, మేరీ, ఆమె సవతి చెల్లెలు క్లేర్, బైరన్ వైద్యుడు పోలిడోరి కలిపి ఆ బృందంలోనూ ఐదుగురే. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలవడంతో మరుసటి ఏడాది ఐరోపాకు వేసవే లేకుండా పోయిన సంగతి పది నిమిషాల్లో చెబితే చాలు. తరువాత, నవలా నాయకుడు విక్టర్ తయారు చేసిన ప్రాణి కళ్లు తెరిచే ఘట్టాన్ని ఇంగ్లిషు ఉపాధ్యాయులు నెమ్మదిగా, గట్టిగా చదవాలి. కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయిన పుస్తకం కనుక ఆ పేజీని అందరికీ జిరాక్సు తీసి ఇవ్వవచ్చు. సినిమాలు చూసిన పిల్లలు మెరుపులూ యంత్రాలూ ఉంటాయనుకుంటారు. అక్కడ ముఖ్యంగా ఉన్నవి కిటికీ అద్దాల మీద వాన చప్పుడు, ఆరిపోవచ్చిన కొవ్వొత్తి, తెరుచుకున్న ఒక పసుపు కన్ను. భయం ఎక్కడ పుట్టిందో వారినే వెతకమనండి. ఈ చర్చకు ఎంత సమయం పట్టినా పట్టనివ్వండి, ఎందుకంటే పిల్లలు రాయడం నేర్చుకునేది ఇక్కడే.

ఆ వారమంతా అంశాల జాబితా ఏదీ ఇవ్వకుండా, రోజూ మొదటి పీరియడులో ‘కథ తట్టిందా’ అని మాత్రం అడగండి. లేదన్న పిల్లవాడికి మేరీ కూడా అదే జవాబు చెప్పిందని గుర్తుచేయండి.

రెండో రోజు రాయడానికి గంటన్నర ఇవ్వండి. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టవద్దని, తమ కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్న దృశ్యాన్నే ముందు రాయమని చెప్పండి. మేరీ మొదట రాసినది, ప్రాణి కళ్లు తెరిచే ఘట్టాన్ని మొదలుపెట్టే నవంబరు రాత్రి వాక్యం; అది అచ్చయిన నవలలో కొన్ని అధ్యాయాల తరువాత గాని రాదు. చదివింది ఇంగ్లిషులోనే అయినా కథను తెలుగులో రాసే వీలు తప్పక ఉండాలి. అమ్మమ్మ చెప్పిన దెయ్యం తెలుగులోనే మాట్లాడుతుంది కదా. తెలుగు ఉపాధ్యాయులు పక్కనే ఉంటే మరీ మంచిది. రాసినవాటిని ఐదుగురూ తమలో తాము చదివి వినిపించుకోవాలి.

మధ్యలో ఆగిపోయిన చిత్తుప్రతులను పారేయనివ్వకండి. బైరన్ వదిలేసిన తునక ఆధారంగానే పోలిడోరి తన రక్తపిశాచి కథను అల్లాడు. అది 1819లో బైరన్ పేరుతో అచ్చయి ఇద్దరికీ చిక్కు తెచ్చింది. అందువల్ల ఎవరైనా మరొకరి చిత్తుప్రతిని తీసుకుంటే ముందుగా అనుమతి అడిగి, కథ పైన ఊహ ఎవరిదో, రచన ఎవరిదో రెండు పేర్లూ రాయాలి.